లీవ్ దొరికినా ఆర్డర్ కుదరలేదు: పాపను కలిసే హక్కు కోసం నా ఏడు నెలల అనుభవం

మా విడాకుల కాగితంలో పాప గురించి ఉన్నది నాలుగే లైన్లు. పాప తల్లి దగ్గర ఉంటుంది, తండ్రి ప్రతి నెల రెండో ఆదివారం, నాలుగో ఆదివారం పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు కలవవచ్చు. ఇద్దరం ఒప్పుకొని వేసుకున్న కేసు కాబట్టి కింద నా సంతకం కూడా ఉంది. 2023 జూన్‌లో ఆ సంతకం పెట్టేనాటికి నా లీవ్ ఇంకో మూడు రోజులే మిగిలింది. వకీలు దగ్గర ఎప్పుడూ టైపు చేసి ఉండే నమూనా అది. చదివాను, బాగానే ఉందనుకున్నాను. నేను ఆర్మీలో నాయక్‌ని, పదిహేనేళ్ల సర్వీసు. నెలకు రెండు ఆదివారాలు హనుమకొండలో ఉండగలిగే ఉద్యోగం కాదు నాది. ఆ సంగతి ఆ రోజు నాకూ తట్టలేదు, ఆ గదిలో ఉన్న ఇంకెవరికీ తట్టలేదు.

లెక్క చూడండి. 2023 జూలై నుంచి 2024 జనవరి దాకా అలాంటి ఆదివారాలు 14 వచ్చాయి. నాకు దొరికినవి నవంబర్ లీవ్‌లో రెండు. ఒకటి దీపావళి రోజు పడింది. ఏడు నెలల్లో మొత్తం ఆరు గంటలు. మాకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్, 30 రోజుల క్యాజువల్ లీవ్ ఉంటాయి. ఊళ్ళో ఉన్నన్ని రోజులూ పాప ఇంటికి నలభై నిమిషాల దూరంలోనే ఉంటాను. మా ఊరు పరకాల పక్కన, పాప వాళ్ళ అమ్మమ్మగారిల్లు హనుమకొండలో. అయినా మిగతా రోజుల్లో ఆ గేటు ముందు నుంచి పోవడానికి కూడా నాకు మనసొప్పేది కాదు, పాప చూసి పరుగెత్తుకొస్తే ఏం చెప్పాలని.

2024 ఫిబ్రవరిలో నా కళ్ళు తెరుచుకున్నాయి. ఆ నెల 21 నుంచి 24 దాకా మేడారం జాతర. పాప పుట్టినప్పుడే మా అమ్మ మొక్కుకుంది, బిడ్డ ఎత్తు బంగారం ఇస్తానని. మేడారంలో బంగారం అంటే బెల్లమే. జాతరకు కలిసొచ్చేలా పదిహేను రోజుల క్యాజువల్ లీవ్ పెట్టుకున్నాను. రైలు ఆలస్యమై కాజీపేటలో దిగేసరికి 12వ తేదీ సోమవారం అయింది. రెండో ఆదివారం ముందురోజే అయిపోయింది. ఇక నాకు మిగిలింది 25వ తేదీ ఒక్కటే, జాతర ముగిసిన మర్నాడు.

జాతరకు ఒక్కరోజు పాపను పంపమని పెద్దమనిషి ఒకాయనతో అడిగించాను. పాప వాళ్ళ తాతయ్య మర్యాదగానే మాట్లాడాడట. “కోర్టు కాగితంల ఆదివారం అని ఉన్నది. అంత జనంలకు చిన్నపిల్లను పంపిస్తే మాకు భయం ఉండదా?” అన్నాడట. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

అమ్మ బెల్లం కొనడానికి పోయి దుకాణం ముందు ఆగిపోయింది. బిడ్డ బరువెంతో మాకెవరికీ తెలియదు. “అందాజకు పద్దెనిమిది కిలోలు కట్టమన్న కొడుకా, తక్కువైతే తల్లులు ఏమనుకుంటరో” అంది. పాప లేకుండానే ఆ బెల్లం నెత్తిన పెట్టుకుని గద్దె దగ్గరికి నడిచాను.

25న పార్కులో కలిశాం. పాపకు అప్పుడు ఐదున్నరేళ్లు. మొదటి అరగంట నా పక్కన కూర్చోలేదు, తాతయ్య చేయి పట్టుకునే ఉంది. తర్వాత ఉయ్యాల దగ్గర మాట కలిసింది. పన్నెండున్నర కాకముందే చెప్పులు వేసుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఎందుకమ్మా అంటే, “ఒంటిగంటకు పోవాలె కదా” అంది. మళ్ళీ ఉయ్యాల ఎక్కమన్నా ఎక్కలేదు. ఆ అరగంటా ఇద్దరం ఆ బెంచీ మీదే కూర్చున్నాం.

మర్నాడు సోమవారం పొద్దున్నే కొత్త వకీలు దగ్గరికి పోయాను. ఇంకో రోజులో నా ప్రయాణం.

కస్టడీ కేసు మళ్ళీ మొదటినుంచి వేయక్కర్లేదని ఆయన చెప్పారు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద, డిక్రీ అయిపోయాక కూడా పిల్లల విషయంలో ఉన్న ఏర్పాటును మార్చమని అదే కోర్టులో పిటిషన్ వేసుకోవచ్చు. ఆ మాటకే సగం బరువు దిగింది. ఆయన అడిగిన ఫీజు 30 వేలు, సగం ముందు, సగం ఆర్డర్ వచ్చాక. వకాలత్ మీద, అఫిడవిట్ మీద సంతకాలు పెట్టి, నోటరీ చేయించి, 27న రైలెక్కాను.

అక్కడి నుంచి నేను అనుకోనివి మొదలయ్యాయి. తొందరలో అఫిడవిట్‌లో నేను ఎక్కడ పోస్టింగ్‌లో ఉన్నానో ఊరి పేరుతో సహా రాసేశాం. యూనిట్‌కు వచ్చాక కాపీ చూపిస్తే, ఆఫీసు పనులు చూసే అడ్జుటెంట్ సాబ్ ఒప్పుకోలేదు. అలాంటి వివరం బయటి కాగితాల్లో ఉండకూడదు, నంబర్, ర్యాంక్, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), అంతే రాయాలన్నారు. మళ్ళీ టైపు, మళ్ళీ సంతకం, మళ్ళీ పోస్టు. పది రోజులు పోయాయి. మీరు మొదటే అలా రాయించుకోండి.

రెండోది, వాయిదాలకు ఎవరు పోవాలి? నాకు ప్రతి నెలా లీవ్ రాదు. ఎవరినడిగినా 1925 నాటి సైనికుల వ్యాజ్యాల చట్టం పేరు చెప్పేవాళ్ళు. అది యుద్ధ విధుల్లో, ప్రత్యేక పరిస్థితుల్లో ఉన్న సైనికుడి కేసు అతను లేకుండా నడవకుండా ఆపించడానికి. నాకు కావలసింది కేసు ఆగడం కాదు, కదలడం. పాప ఏడాదికి ఏడాది పెద్దదవుతోంది. దారి చూపించింది సైనిక సంక్షేమ కార్యాలయంలో కలిసిన రిటైర్డ్ సుబేదార్ సాబ్. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 28 ఉంది, లీవ్ దొరకని సైనికుడు తన తరఫున కేసు నడపడానికి ఎవరికైనా రాతపూర్వకంగా అధికారం ఇవ్వవచ్చు, కమాండింగ్ ఆఫీసర్ ఎదుట సంతకం పెడితే ఆయన కూడా దానిమీద సంతకం చేస్తారు, ఆ కాగితం కోర్టులో దాఖలు చేస్తే చాలు అని చెప్పారు. మా వకీలు సాబ్ కూడా ఆ రూల్‌ను అప్పుడే పుస్తకం తీసి చూశారు. సీఓ సాబ్ బయట ఉండటంతో ఆ సంతకానికి 19 రోజులు పట్టింది. కాగితం ఏప్రిల్ 11న మా బాపు చేతికి అందింది.

బాపుకు 64 ఏళ్లు. కోర్టు మెట్లు ఎక్కడం ఆయనకు అదే మొదటిసారి. తొమ్మిది వాయిదాలకు పోయాడు. పరకాల బస్సెక్కి పొద్దున పదింటికల్లా వరండాలో నిలబడేవాడు, ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి చాయ్‌కి కూడా కిందికి దిగేవాడు కాదు. ఒక్కోసారి నిమిషంలో వాయిదా పడేది. సాయంత్రం ఫోన్ చేసి “ఏం కాలే కొడుకా, మళ్ళ తారీఖు ఇచ్చిండ్రు” అనేవాడు. పొలంలో నాట్లు వేసే రోజుల్లో కూడా పోయాడు. ఈ ఏడు నెలల్లో నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది ఆయన గొంతులోని ఆ అలసట.

మొదటి వాయిదా ఏప్రిల్ 22న. కౌన్సెలింగ్‌కు రాశారు. మేలో కోర్టుకు వేసవి సెలవులు. జూన్ 19న అటువైపు కౌంటర్, అంటే నా పిటిషన్‌కు జవాబు, వేశారు.

ఆ కౌంటర్ ఫొటోలు వకీలు వాట్సాప్‌లో పంపారు. నాకు అవి రెండు రోజుల తర్వాత, కొండ దిగి సిగ్నల్ ఉన్నచోటికి వచ్చినప్పుడు తెరుచుకున్నాయి. పాపకు తండ్రి కొత్తవాడు. ఎప్పుడొస్తాడో, ఎప్పుడు పోతాడో తెలియదు, చదువు చెడిపోతుంది. వస్తానని రాని ఆదివారాలు పన్నెండు. అదంతా చదువుతుంటే చేతులు వణికాయి. రాని ఆదివారాలట! నేను రావడం నా చేతిలో ఉందా? ఆ రాత్రి గార్డు డ్యూటీలో మనసులోనే వందసార్లు జవాబు చెప్పుకున్నాను.

మర్నాడు మళ్ళీ చదివితే చివరి పేజీలో ఒక వాక్యం కనిపించింది. పాప రాత్రిళ్లు నిద్రలో ఉలిక్కిపడి లేస్తుంది, తల్లి పక్కన లేకపోతే పడుకోదు. ఈ సంగతి నాకు తెలియదు. ఎప్పటినుంచి లేస్తోందో తెలియదు. నా బిడ్డ గురించి కోర్టు కాగితం చదివి తెలుసుకోవలసి వచ్చింది. అప్పటిదాకా నేను నా హక్కు అనే మాట పట్టుకునే ఉన్నాను. పాప వాళ్ళమ్మ రాసింది అబద్ధం కాదు, ఆమె భయం అది.

జూలైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి వీడియోలో హాజరయ్యాను. ముందే యూనిట్‌లో పర్మిషన్ తీసుకోవాలి, వెనకాల ఏమీ కనిపించకుండా తెల్లగోడ ముందు కూర్చోవాలి. జూలైలో మాట మధ్యలో లైన్ తెగిపోయింది. నేను చెప్పాలనుకున్నది రెండు ముక్కలుగా రాసి వకీలు దగ్గర ఉంచాను కాబట్టి ఆయన చదివి వినిపించారు. మీరూ అలా రాసి ఉంచండి, నెట్‌వర్క్‌ను నమ్ముకోకండి.

వకీలు సాబ్ 2020 జనవరిలో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటలు చదివారు. తల్లిదండ్రులు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నప్పుడు కలవడం ఒక్కటే సరిపోదు, మాట్లాడుకునే హక్కు కూడా ఉండాలి, ప్రత్యేక కారణం ఏదైనా ఉంటే తప్ప పిల్లలు దగ్గర లేని తల్లి గానీ తండ్రి గానీ రోజూ ఐదు నుంచి పది నిమిషాలు మాట్లాడగలగాలి, వీడియో కాల్ అయితే మరీ మంచిది అని అందులో ఉంది. మా పాత డిక్రీలో ఫోన్ అన్న మాటే లేదు.

ఆగస్టు 14న జడ్జి మేడమ్ పాపతో ఛాంబర్‌లో విడిగా మాట్లాడారు. ఏం మాట్లాడారో ఎవరికీ చెప్పరు. “నీకు జడలు ఎవరు వేస్తరు” అని అడిగారని తర్వాత పాపే మా బాపుతో చెప్పింది. ఆ రోజే మమ్మల్ని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మీడియేషన్‌కు పంపారు. మీడియేషన్‌కు మేం ఫీజు ఏమీ కట్టలేదు. తేదీ సెప్టెంబర్ 3. నాకు 40 రోజుల యాన్యువల్ లీవ్ మంజూరైంది.

సెప్టెంబర్ 1న వరదకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. నా టికెట్ ఉన్న రైలు రద్దయింది. ఆ రాత్రి స్టేషన్ బల్ల మీద కూర్చుని టెన్షన్‌తో ఫోన్ చేస్తూనే ఉన్నాను, మళ్ళీ రాలేదని రాస్తారేమోనని. వేరే రైలులో జనరల్ బోగీలో నాగ్‌పూర్ దాకా, అక్కడి నుంచి ఇంకో రైలు పట్టుకుని 4న రాత్రి చేరాను. తేదీని 5కు మార్చమని నాకంటే ముందే అడిగింది పాప వాళ్ళమ్మే అని తర్వాత తెలిసింది. వార్తల్లో పట్టాలు చూసిందట.

మీడియేషన్‌లో మాట్లాడినవి బయటపెట్టకూడదన్నారు కాబట్టి ఒప్పందంలోకి వచ్చినవే చెబుతాను. మూడుసార్లు కూర్చున్నాం, 5న, 9న, 11న. మొదటిసారి నన్ను అడిగినవి మాత్రం చెప్పగలను. పాప ఏ కూరతో అన్నం తింటుంది, జ్వరమొస్తే ఏ మందు పడుతుంది, దేనికి భయపడుతుంది అని. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు.

ఒప్పందం ఇలా కుదిరింది. తేదీలు ఆదివారాలతో కాకుండా నా లీవ్‌తో కట్టాం. లీవ్‌లో ఉన్నన్ని రోజులూ వారానికి రెండు సాయంత్రాలు 5 నుంచి 8 దాకా, శనివారం పొద్దున 10 నుంచి ఆదివారం సాయంత్రం 5 దాకా పాప మా ఇంట్లో ఉంటుంది. దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవుల్లో నేను ఊళ్ళో ఉంటే వరసగా ఏడు రాత్రుల దాకా. లీవ్ సంగతి 15 రోజుల ముందు మెసేజ్‌లో చెప్పాలి. ఉన్నట్టుండి లీవ్ దొరికితే మూడు రోజుల ముందు చెబితే చాలు, అయితే అప్పుడు పగటిపూటే.

నేను పట్టుబట్టి రాయించుకున్నది, లీవ్ రద్దయితే దాన్ని నేను రానట్టు లెక్కేయకూడదని. ఆ రోజులు తర్వాతి లీవ్‌కు కలుస్తాయి, పది రోజులకు మించకుండా. పాప వాళ్ళమ్మ పట్టుబట్టి రాయించుకున్నది, పాప రాత్రి ఇంటికి పోతానంటే ఎంత రాత్రయినా తీసుకొచ్చి దిగబెట్టాలని. వెంటనే ఒప్పుకున్నాను.

ఫోన్ దగ్గర కొంచెం కష్టమైంది. రోజూ అని రాస్తే నేనే తప్పుతాను, పోస్టు మీద ఉంటే నాలుగేసి రోజులు సిగ్నల్ ఉండదు. మంగళ, శుక్ర, ఆదివారాలు రాత్రి ఏడున్నరకు, తప్పితే మర్నాడు అదే టైముకు, వీడియో రాకపోతే మామూలు కాల్ అని రాశాం. ఇంకోటి, నేను లేని నెలల్లో కూడా నాలుగో ఆదివారం మా అమ్మా బాపూ పాపను మూడు గంటలు చూడవచ్చు. ఇది నేను అడగలేదు, నాకు తట్టలేదు. నా బదులు వాయిదాలకు తిరిగిన బాపుకు అలా దొరికింది.

లీవ్ ఉన్నట్టు రుజువుగా లీవ్ సర్టిఫికేట్ ఫొటో పంపాలని మొదట రాశారు. యూనిట్ కాగితాన్ని వాట్సాప్‌లో పంపడానికి మాకు అనుమతి లేదు. అందుకే మెసేజ్‌లో తేదీలు మాత్రం పంపడం, ఊరికొచ్చాక అసలు కాగితం చూపించడం అని మార్చుకున్నాం.

సెప్టెంబర్ 18న జడ్జి మేడమ్ ఇద్దరినీ నిలబెట్టి, అర్థమైందా, ఇష్టపూర్వకంగానే చేస్తున్నారా అని అడిగి ఒప్పందాన్ని ఆర్డర్‌లో కలిపారు. ఐదు నిమిషాల పని. సర్టిఫైడ్ కాపీకి ఇంకో తొమ్మిది రోజులు. రెండు తీసుకోండి, ఒకటి యూనిట్‌లో ఇచ్చి పెట్టుకుంటే లీవ్ అడిగేటప్పుడు పనికొస్తుంది. వకీలు ఫీజు, టైపింగు, నోటరీ, కాపీలు, బాపు బస్సు ఖర్చులు అన్నీ కలిపి నాకు దాదాపు 38 వేలు అయ్యాయి.

21వ తేదీ శనివారం పాప మా ఇంటికి మొదటిసారి రాత్రి ఉండటానికి వచ్చింది. బ్యాగులో బట్టల మీద రూళ్ల కాగితం ఒకటి మడతపెట్టి ఉంది. వాళ్ళమ్మ రాసింది. పప్పుచారు, ఆలుగడ్డ తింటది. వంకాయ పెట్టొద్దు. పాలల్లో చక్కెర తక్కువ. పడుకున్నాక లైటు ఆర్పొద్దు. లేస్తే ఎత్తుకోవద్దు, వీపు మీద చెయ్యి పెట్టి ఊరుకోవాలె. ఏమైనా ఉంటే ఎంత రాత్రయినా ఫోన్ చేయొచ్చు.

రెండు గంటల పది నిమిషాలకు లేచింది. అమ్మా అని అరిచింది. వీపు మీద చెయ్యి పెట్టాను. లైటు వెలుగుతూనే ఉంది. ఊరుకోలేదు. ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది, ఆమె పడుకోనే లేదు. ఫోన్ పాప చెవి దగ్గర పెట్టాను. అవతల ఏం చెప్పిందో వినలేదు, వినడానికి ప్రయత్నించలేదు. కాసేపటికి పాప నా చెయ్యి తీసి తన వీపు మీద మళ్ళీ పెట్టుకుంది. తెల్లారేదాకా ఆ చెయ్యి తీయలేదు.

అక్టోబర్ 2న దసరా సెలవులు మొదలయ్యాయి, ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ. ముందు రోజు సాయంత్రం పాపను తీసుకొచ్చాను. తంగేడు పూలకు చెరువుగట్టు మీదికి నేనూ పాపా పోయాం. మా అమ్మ పేరుస్తుంటే గునుగు పూలకు రంగు అద్దింది, రెండు చేతులూ గులాబీ రంగు అయ్యాయి. ఆ చేతులతోనే అమ్మ వెంట కిరాణా దుకాణానికి పోయింది. అమ్మ దాన్ని కాటా మీద నిలబెట్టింది. 19 కిలోల 200. అప్పుడు పాపే చెప్పింది, యూకేజీలో బడివాళ్ళు చూసినప్పుడు పదహారున్నర ఉండేనని, కార్డు మీద రాసి ఉందని. అమ్మ వేళ్ల మీద లెక్కేసుకుని, “అయితే ఎక్కువనే ఇచ్చినం, ఏం ఫికర్ లేదు” అని మేడారం దిక్కు తిరిగి దండం పెట్టింది.

11వ తేదీ శుక్రవారం కాజీపేటలో రైలెక్కాను. కాగజ్‌నగర్ దాటితే సిగ్నల్ సరిగా ఉండదని ఏడు నుంచే ఫోన్ చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ఏడూ ఇరవై ఆరుకు నేను చేయకముందే ఫోన్ మోగింది, హనుమకొండ నంబర్ నుంచి.